ప్రామాణిక తోపుడు వస్తువు

ఒక వస్తువును మెల్లగా తోస్తే కొంచెం దూరం పోతుంది. గట్టిగా తోస్తే ఎక్కువ దూరం పోతుంది. ఈ సంగతి మీకు తెలుసు, నాకు తెలుసు, ఉయ్యాల ఊపిన ప్రతి ఆడమనిషికీ తెలుసు. తెలియనిదల్లా మా విద్యాశాఖకే. పాపం, అదీ ఒక శుభముహూర్తాన తెలుసుకుంది. ఆ రోజు నుంచి మాకు కంటి మీద కునుకు లేదు.

నా పేరు హేమసుందరి. సముద్రం ఒడ్డున చినగంగవాడ అనే పల్లె ఉంది. అక్కడి ప్రాథమిక పాఠశాలకు ప్రధానోపాధ్యాయురాలిని నేనే, ఉపాధ్యాయురాలినీ నేనే, గంట కొట్టేదాన్నీ నేనే. మధ్యాహ్న భోజనం వండే నూకాలమ్మ ఒక్కతే నేను కాని మనిషి. పిల్లలంతా వేటకు వెళ్లేవాళ్ల బిడ్డలు. ఒకే గదిలో కూర్చుంటారు, ఒకేసారి మాట్లాడతారు. నా గొంతు ఇలా బొంగురుపోవడానికి కారణం అదే గానీ పుట్టుకతో వచ్చింది కాదు.

ఆ ఏడు ఒకటో తరగతికి 'తోయడం' అని కొత్త పాఠం వచ్చింది. నేను నూకాలమ్మనడిగి ఒక ఎండు కొబ్బరికాయ తెచ్చాను. నేల మీద పెట్టి, గున్నమ్మను లేపి, మెల్లగా తొయ్యమన్నాను. గున్నమ్మ నూకాలమ్మ మనవరాలు. తరగతిలో అందరికన్నా చిన్నది, నోరు మాత్రం అందరికన్నా పెద్దది. మెల్లగా తోసింది. కాయ రెండు జానలు దొర్లి ఆగింది. "ఇప్పుడు గట్టిగా తొయ్యి" అన్నాను. పమిట బిగించిన పెద్దమ్మలా గౌను ఎగదోపుకొని ఒక్క తోపు తోసింది. కాయ గుమ్మం దాటి, వరండా దాటి, ఎండబెట్టిన కవ్వల చేపల మధ్య పడింది. మిగతా పిల్లలు నాకు నాకు అని ఎగబడ్డారు. ఆ మధ్యాహ్నమంతా కొబ్బరికాయతో పందేలే. పాఠం ఒక్క పూటలో అయిపోయింది, మిగిలిన కాయను నూకాలమ్మ పచ్చడి చేసింది.

నేను చేతులు దులుపుకొని కూర్చున్నానో లేదో, పట్టణానికి శిక్షణకు రమ్మని కబురు వచ్చింది.

శిక్షణ దేని మీదయ్యా అంటే, తోయడం మీద. శాఖ 'తొలి తోపుడు' అని ఒక పథకం పెట్టిందట. దానికి సమన్వయాధికారి మార్తాండరావు గారు. మనిషి మంచివాడే. ఇస్త్రీ చొక్కా, మెడలో బ్యాడ్జీ, ముందు నీళ్ల సీసా. మైకు పట్టుకుంటే మాత్రం వదలడు.

"తోపుడు అనేది కేవలం తోపుడు కాదు" అని మొదలుపెట్టాడు. "అదొక దృక్పథం. బాల్యదశలో తోపుడు పట్ల సరైన వైఖరి ఏర్పడకపోతే, ఆ బాలుడు జీవితంలో దేనినీ ముందుకు తీసుకుపోలేడు."

మేమంతా రాసుకున్నాం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా తెర మీద బాణం గుర్తులు చూపించారు. చిన్న బాణం మెత్తటి తోపుడు, పెద్ద బాణం గట్టి తోపుడు. భోజనాలయ్యాక బాణాలకు రంగులొచ్చాయి. నా పక్కన కూర్చున్న కుర్ర టీచరు ఆగలేక లేచి, "సార్, ఒక్కసారి మీరేదైనా తోసి చూపిస్తారా?" అని అడిగింది.

మార్తాండరావు గారు నవ్వాడు. "నేను సమన్వయం చేస్తానమ్మా. తోపుడు క్షేత్రస్థాయి అంశం."

తర్వాత ఒక్కొక్కరినీ లేపి, మీ బడిలో దేన్ని తోయిస్తున్నారని అడిగాడు. ఒకరు ఇటుక అన్నారు. ఒకరు స్టూలు అన్నారు. ఒకాయన తన మోటారు సైకిలన్నాడు, అది పొద్దున స్టార్టు కాదట, పాఠమూ అవుతుంది పనీ అవుతుందని. నేను కొబ్బరికాయ అన్నాను. మార్తాండరావు గారు కుర్చీలో కూలబడ్డాడు.

"ఇటుకను తోసిన బాలుడినీ, కొబ్బరికాయను తోసిన బాలికనూ ఏ ప్రాతిపదికన పోల్చాలి? రేపు పైవాళ్లడిగితే ఏం జవాబు చెప్పాలి? ఏకరూపత ఏదండీ? అసలు కొబ్బరికాయకు ప్రామాణికత ఎక్కడిది?"

కొబ్బరికాయకు పచ్చడయ్యే గుణం ఉంది గానీ ప్రామాణికత లేదని నేనూ ఒప్పుకున్నాను. అలా రాష్ట్రమంతటికీ ఒకే 'ప్రామాణిక తోపుడు వస్తువు' తయారుచెయ్యాలని ఆ సభలోనే తీర్మానమైంది. మేం చప్పట్లు కొట్టి, తలా ఒక సమోసా తిని ఇళ్లకు వచ్చేశాం.

ఆ వస్తువు పుట్టుక గురించి తర్వాత తెలిసింది. మొదట గీసిన బొమ్మలో అది చక్కటి చెక్క బండి, నాలుగు చక్రాలున్నాయి. భద్రతా సంఘం వారు చూసి, చక్రాలుంటే దొర్లి పిల్లల మీదికి వస్తుందన్నారు. చక్రాలు తీసేశారు. చెక్క అయితే పేళ్లు లేచి గుచ్చుకుంటాయన్నారు, ఇనుము పెట్టారు. ఇనప పెట్టె తేలిగ్గా ఉంటే దొంగలెత్తుకుపోతారని ఆస్తుల విభాగం వారు రాశారు, లోపల సిమెంటు పోశారు. నున్నటి నేల మీద జారితే ప్రమాదమని మరొకరు చెప్పారు, అడుగున మందపాటి రబ్బరు అతికించారు. ఇలా ప్రతి పెద్దమనిషీ తన వంతు జాగ్రత్త తాను తీసుకున్నాక, అన్ని పరీక్షలకూ నిలబడే వస్తువు తయారైంది. దానికి ఉన్నది ఒక్కటే లోపం, అది కదలదు.

మా బడికి వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. లారీ వాడు రోడ్డు చివర దాన్ని కింద పడేసి, "సంతకం పెట్టండమ్మా" అన్నాడు. నా నడుమెత్తు ఉంది. పచ్చరంగు వేసి, పైన నవ్వుతున్న ఏనుగు బొమ్మ అతికించారు.

"బడి దాకా ఎవరు తెస్తారు బాబూ?" అన్నాను.

"అది నా డ్యూటీ కాదండి" అని ఎక్కి వెళ్లిపోయాడు.

అప్పుడే వేట నుంచి పడవలొచ్చాయి. చినగంగవాడలో ఒక ఆచారం ఉంది. పడవ ఒడ్డుకు వచ్చి, దాన్ని ఇసకలోకి తొయ్యాలంటే, ఆ సమయానికి ఒడ్డున ఎవరుంటే వాళ్లు చెయ్యి వెయ్యాలి. కొత్తల్లుడైనా సరే, ఉత్తరాలిచ్చే పోస్టుమానైనా సరే. ఒకరు "ఐలేసా" అన్నారంటే ఇంకొకరు నిలబడి చూడ్డానికి లేదు. చూస్తే గంగమ్మ తల్లి కోప్పడుతుందట, ఊరు మాత్రం కచ్చితంగా కోప్పడుతుంది. నేను ఈ ఊరికి వచ్చిన కొత్తలో పట్టుచీరతో పడవ తోశాను, ఆ చీర మళ్లీ కట్టుకోలేదు. పడవలు తోసిన చేత్తోనే ఊరంతా వచ్చి పెట్టె చుట్టూ మూగారు. కింద దుంగలేశారు. ఐలేసా, ఐలేసా అంటూ ఇనప ఏనుగును తెచ్చి తరగతి గది మధ్యలో నిలబెట్టి, దుంగలు లాక్కొని వెళ్లిపోయారు.

మర్నాడు పరీక్ష. శాఖ ఇచ్చిన యాప్‌లో ఒక్కో పిల్ల పేరు ఎదురుగా రెండు గళ్లు, మెత్తటి తోపుడుకు ఒకటి, గట్టి తోపుడుకు ఒకటి. వస్తువు ఎంత దూరం కదిలిందో టేపుతో కొలిచి రాసి, ఫోటో పెట్టాలి. మొదట గున్నమ్మను పిలిచాను. మెల్లగా తోసింది. ఏనుగు నవ్వుతూ ఉంది. గట్టిగా తోసింది. ఇంకా నవ్వుతూనే ఉంది. గున్నమ్మకు రోషం వచ్చింది. తిరిగి నిలబడి వీపుతో తోసింది, నేలకు కాళ్లు తన్నిపెట్టి తలతో తోసింది. ముఖం కందగడ్డయింది.

"ఏటి టీచర్ ఇది, సచ్చిన తిమింగలంలాగ కదల్నేదు!" అంది.

అంతే, మిగతా పిల్లలు ఆగలేకపోయారు. ఆగడం వాళ్ల రక్తంలో లేదు. ఒకడు "ఐలేసా!" అన్నాడు, బెంచీలన్నీ ఖాళీ అయిపోయాయి, అన్ని చేతులూ పచ్చ పెట్టె మీద పడ్డాయి. ఐలేసా, ఐలేసా! కిర్రుమని, వేలెడంత దూరం కదిలింది. నాకు పట్టరాని సంతోషం వేసింది. చప్పట్లు కొట్టి, ఫోటో తీసి, యాప్‌లో పెట్టేశాను.

గంట గడవకముందే మార్తాండరావు గారి ఫోను.

"మేడమ్, మీరు పంపిన ఫోటోలో బాలికకు ఎన్ని చేతులున్నాయి?"

"రెండే సార్. మిగతావి మిగతా పిల్లలవి."

"మేడమ్, మీరేం చెబుతున్నారో మీకు అర్థమవుతోందా? ఇది సామూహిక కాపీయింగ్!"

"సార్, వాళ్లు కలిసి తోశారు..."

"అదేగా నేనంటున్నది! పక్కవాడి జవాబు చూసి రాసేవాడిని డిబార్ చేస్తాం. మీ పిల్లలు పక్కవాడి తోపుడును ఏకంగా వాడుకున్నారు. తోపుడు అనేది వ్యక్తిగత సామర్థ్యం. నా సర్వీసులో ఇంత బాహాటమైన మాల్‌ప్రాక్టీసు చూడలేదు."

సాయంత్రానికి మెమో వచ్చింది. 'తోపుడు సమయమున ఒక విద్యార్థి మాత్రమే వస్తువును సమీపించవలెను. తక్కిన విద్యార్థులు గోడవైపు తిరిగి చేతులు కట్టుకొని కూర్చొనవలెను. ఐలేసా మొదలగు ప్రేరేపక శబ్దములు నిషేధించడమైనది.' నాకు ఒళ్లు మండిపోయింది. కానీ జీతం తీసుకునేదాన్ని కదా, గోడవైపు తిప్పి కూర్చోబెట్టాను. ఒక్కొక్కరూ వచ్చి తోశారు. మెత్తటి తోపుడు, సున్న. గట్టి తోపుడు, సున్న. ఆఖరుకు పిల్లలు పాఠం ఇలా నేర్చుకున్నారు: ఎలా తోసినా ఒకటే.

మా బడే కాదు, చుట్టుపక్కల బడులన్నిట్లోనూ సున్నలే. అప్పుడు శాఖ లోతుగా ఆలోచించింది. వస్తువు ప్రామాణికమైనది, అన్ని పరీక్షల్లోనూ నెగ్గింది, కాబట్టి లోపం దానిలో ఉండదు. మరి లోపం పిల్లల్లోనే ఉండాలి. దానికి 'తోపుడు లోపం' అని పేరు పెట్టారు. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టు, దానికి చికిత్స మొదలైంది. రోజూ ప్రార్థనలో ప్రతిజ్ఞ చేయించాలి: 'నేను నా శక్తికొలది తోయుదును. తోయబడని వస్తువు పట్ల సహనము వహింతును.' తోపుడు వారోత్సవాలు జరపాలి. ముగ్గుల పోటీ పెట్టాలి, అంశం తోపుడు. ఇంకా అక్షరాలు రాని ఒకటో తరగతికి వ్యాసరచన. గున్నమ్మ కాగితం నిండా పచ్చ పెట్టె బొమ్మ గీసి, దాని మీద కాకి రెట్ట వేసినట్టు గీసింది. అదే పంపించాను.

పక్క మండలంలో ఒక హెడ్మాస్టరు గారు మాత్రం బ్రహ్మాండమైన ఫలితాలు చూపించి సన్మానం చేయించుకున్నాడు. ఫోను చేసి కిటుకేమిటని అడిగాను.

"మీరు పెట్టెను కదపాలని చూస్తున్నారమ్మా, అక్కడే ఉంది పొరపాటు" అన్నాడు పెద్దాయన చాలా ఆప్యాయంగా. "పెట్టె కదలదు. టేపు కదులుతుంది. టేపు జరిపి ఫోటో తీయండి."

సరేనని మర్నాడు టేపు పట్టుకొని కూర్చున్నాను. గున్నమ్మ తోసింది. నేను టేపు జరిపాను. ఫోటో తియ్యబోతుంటే అది నా ముఖంలోకి చూసి, "టీచర్, అది కదల్నేదు, నువ్వే కదిలించినావు" అంది. ఇక చెయ్యి రాలేదు. కొబ్బరికాయ ఎంత దూరం పోయిందో కళ్లారా చూసిన పిల్ల. దాని ఎదుట అబద్ధం కొలవడం నా వల్ల కాలేదు. సున్నలే పంపించాను.

దాంతో కొంప మునిగింది. తోపుడు ఫలితాల్లో సున్న వచ్చిన చిన్న బడులన్నిటినీ పెద్ద బడుల్లో కలిపేస్తామని ఉత్తర్వు వచ్చింది. మా పిల్లలు వెళ్లాల్సిన బడి గెడ్డ అవతల ఉంది, గెడ్డంటే మా వైపు వాగు. ఎండాకాలం ఆ గెడ్డలో మేకలు మేస్తాయి. వానలు పడ్డాయంటే మాత్రం పెద్ద మగాళ్లే తాడు పట్టుకొని దాటుతారు. ఆరేళ్ల పిల్లల్ని ఎవరు పంపిస్తారు? నాకేం, నన్ను పట్టణంలో వేస్తారు, బస్సు దిగితే బడి. పిల్లల చదువే మట్టికొట్టుకుపోయేది.

ఉత్తర్వు చదివి చెబితే నూకాలమ్మ గరిటె పట్టుకొని అలాగే నిలబడిపోయింది. "గెడ్డ దాటి మా ఆడగుంట ఎలగెల్తాదమ్మా? నాను సదూకోనేదు, దీని యమ్మా సదూకోనేదు. ఇదొక్కతన్నా నాలుగు ముక్కలు నేర్సుకుంటాదని పంపినాం. ఇంకేటుంది, రేపట్నించి సేపల బుట్ట ఎత్తడమే." ఏడుపు ఆపుకోవడానికి పప్పు మరీ గట్టిగా ఎనిపింది. నాకూ ఏడుపొచ్చింది, నేను ఆపుకోలేదు.

పట్టణం వెళ్లి మార్తాండరావు గారి కాళ్లావేళ్లా పడ్డాను. గెడ్డ సంగతి చెప్పాను, వాన సంగతి చెప్పాను.

"గెడ్డ దాటడం కూడా ఒక అభ్యసన అనుభవమే మేడమ్" అన్నాడు. "మీరు దాన్ని సానుకూల దృక్పథంతో చూడాలి."

"కొట్టుకుపోతే సార్?"

"ప్రవాహ వేగం గురించి మూడో తరగతిలో పాఠం ఉంది." నిజంగానే ఆలోచించి చెప్పాడు. వెటకారం కాదు, ఆయనకు అది చేతకాదు. తర్వాత నా ముందు కాగితం పెట్టి, వేలితో చూపించాడు. "విలీనం ఒక క్రమంలో జరుగుతుంది. ముందు ప్రామాణిక వస్తువు కొత్త బడికి చేరాలి. తర్వాతే విద్యార్థులు. అది విలువైన ఆస్తి, దిక్కులేకుండా వదిలేస్తే ఆడిట్ వాళ్లు నన్ను నమిలేస్తారు. రేపు నేనే స్వయంగా వచ్చి తీసుకుపోతాను."

ముందు వస్తువు, తర్వాత పిల్లలు! బస్సులో వస్తూ ఆ మాటనే తలచుకున్నాను. పెట్టె కదిలితేనే బడి కదులుతుంది. పెట్టె కదలకపోతే? ఇన్నాళ్లూ కదలదే అని తిట్టుకున్న ఆ ఏనుగు మీద మొదటిసారి నాకు భక్తి కలిగింది. బస్సు దిగి తిన్నగా నూకాలమ్మ ఇంటికి పోయాను.

"రేపు ఆయనొస్తాడు. తొయ్యడానికి రమ్మంటాడు. ఊళ్లో ఎవరూ చెయ్యి వెయ్యకండి, అంతే చాలు. మన బడి నిలబడుతుంది" అన్నాను.

నూకాలమ్మ నా వైపు నేనేదో బూతు మాట అన్నట్టు చూసింది. "సెయ్యెయ్యకుండా ఎలాగమ్మా? మనిసన్నోడు తోత్తంటే సూత్తా నిలబడాలా? గంగమ్మ తల్లి ఊరుకుంటాదా? మా మొగోళ్లు రోజూ ఏటకెల్తారు. ఆ తప్పు మాత్రం మేం సెయ్యనేం."

"మరి బడి?"

"బడికి బడే, తల్లికి తల్లే" అంది. పక్కన కూర్చొని ఎండు రొయ్యలు ఏరుతున్న గున్నమ్మ మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. అయిపోయింది, గోడ దూకే గొడ్డుకు తలుపెందుకు వెయ్యడం అనుకొని ఇంటికొచ్చి పడుకున్నాను. తెల్లారేదాకా ఏనుగు కలలోకి వచ్చి నవ్వుతూనే ఉంది.

మర్నాడు మార్తాండరావు గారు వచ్చాడు. ఒక చిన్న వ్యాను, ఒక డ్రైవరు, ఒక అటెండరు. కూలీలను తేలేదేమని అడిగాను. "తోపుడు కార్యక్రమంలో కూలీలను వినియోగించే పద్దు లేదు" అన్నాడు. మగవాళ్లంతా వేటకు పోయారు. ఊళ్లో ఉన్నది ఆడవాళ్లు, పిల్లలు.

డ్రైవరు, అటెండరు తోశారు. కదల్లేదు. మార్తాండరావు గారు వాచీ చూసుకున్నాడు, ఒకసారి దగ్గాడు, బ్యాడ్జీ వెనక్కి తిప్పుకున్నాడు, చేతులు చాచి పెట్టె మీద ఆనించాడు. పథకం మొదలైన తర్వాత ఆయన ఒక వస్తువును తొయ్యడం అదే మొదలు. తోశాడు. కదల్లేదు. ఇంకా గట్టిగా తోశాడు. చొక్కా బొత్తం ఒకటి తెగి అటెండరు చెంపకు తగిలింది.

"ఇదేమిటయ్యా ఇంత బరువు!" అన్నాడు ఆశ్చర్యంగా.

"ప్రామాణికం కదండీ" అన్నాను.

ఆయన చుట్టూ చూశాడు. కిటికీల దగ్గర చేపల బుట్టలతో ఆడవాళ్లు, గోడవైపు తిరిగి చేతులు కట్టుకున్న పిల్లలు. "అందరూ రండి! ఒక చెయ్యి వెయ్యండి! ఏమిటో అంటారే మీ ఊళ్లో... ఆఁ, ఐలేసా! ఐలేసా!"

"అది నిషేధించారు సార్, మీరే" అన్నాను, ఆఖరి ఆశతో.

"ప్రత్యేక పరిస్థితుల్లో సడలిస్తున్నాను!"

ఇక ఎవరు ఆగుతారు? బుట్టలు దించి ఆడవాళ్లు వచ్చేశారు. పిల్లలు బెంచీల మీద నుంచి దూకారు. నూకాలమ్మ గరిటె పడేసి కొంగు బిగించింది. చేతుల మీద చేతులు, పచ్చరంగు కనపడకుండా కమ్మేశాయి. వీళ్లలో సగంమంది చేరితే చాలు, ఆ పెట్టె వ్యాను ఎక్కి కూర్చుంటుంది. నా కళ్ల ముందు వాన నీళ్ల గెడ్డ కనిపించింది. కళ్లు మూసుకున్నాను.

"ఐలేసా!" గది కప్పు అదిరింది. "ఐలేసా!" కాకులు ఎగిరిపోయాయి. "ఐలేసా!" కిర్రుమంటుందేమోనని చెవులు రిక్కించాను.

ఏ చప్పుడూ లేదు. కళ్లు తెరిచాను. ఆడవాళ్ల మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి, పిల్లల బుగ్గలు బూరెల్లా ఉన్నాయి, నూకాలమ్మ ఎవరో చంపుతున్నట్టు మూలుగుతోంది. పెట్టె మాత్రం వెంట్రుకవాసి జరగలేదు. నాకేమీ అర్థం కాలేదు. మెల్లగా వంగి చూశాను. అందరి ముందూ గున్నమ్మ ఉంది. నోరు బార్లా తెరిచి అరుస్తోంది. దాని చేతులు చూశాను. నిద్రపోతున్న తమ్ముడి వీపు మీద వేసినట్టు ఉన్నాయి, వేళ్లు కూడా వంగలేదు. పక్కవాడి చేతులూ అంతే. నూకాలమ్మ చేతులూ అంతే. ఆ గదిలో నిజంగా తోస్తున్నది శాఖ తరఫున వచ్చిన ముగ్గురే.

నాకు నవ్వు తన్నుకొచ్చింది, దగ్గులోకి మార్చేశాను. అలా నిలబడి చూడ్డం తప్పని గుర్తొచ్చి, నేనూ వెళ్లి ఒక చెయ్యి వేశాను. అంత మెత్తగా నేను జన్మలో దేన్నీ ముట్టుకోలేదు.

కాసేపటికి మార్తాండరావు గారు జారి నేల మీద కూర్చుండిపోయాడు. నూకాలమ్మ మజ్జిగ తెచ్చి ఇచ్చింది. గ్లాసు ఖాళీ చేసి, ఆయాసం తగ్గాక, అటెండరుకు చెప్పి రాయించాడు. 'ఊరు ఊరంతా శక్తివంచన లేకుండా తోసినను వస్తువు కదలనందున, దీనిని చరాస్తుల పట్టీ నుండి తొలగించి, స్థిరాస్తిగా గుర్తించడమైనది. స్థిరాస్తి ఉన్న చోటనే పాఠశాల ఉండవలెను గనుక, విలీనము తదుపరి ఉత్తర్వుల వరకు నిలుపుదల చేయడమైనది.' సంతకం పెట్టి, లేచి, ఏనుగు తల మీద మెల్లగా తట్టాడు. "ఇంత సహకారం నేను ఏ ఊళ్లోనూ చూడలేదు మేడమ్" అన్నాడు. బ్యాడ్జీ మళ్లీ ముందుకు తిప్పుకున్నాడు.

వ్యాను ఖాళీగా వెళ్లిపోయింది. నేను నూకాలమ్మ వైపు తిరిగాను. "చెయ్యి వెయ్యక తప్పదన్నావు కదే!"

"ఏసినాం గదమ్మా" అంది నూకాలమ్మ, కొంగుతో ముఖం తుడుచుకుంటూ. "సెయ్యెయ్యాలన్నారు గానీ ఎంత తొయ్యాలో పెద్దోలెవులూ సెప్పనేదు. ఈ గుంటే రేత్రి ఇల్లిల్లూ తిరిగి అందరికీ సెప్పొచ్చింది."

గున్నమ్మ అప్పటికే బెంచీ ఎక్కి నిలబడి ఉంది. పిల్లలందరూ నా వైపే చూస్తున్నారు. నేను టీచరును. పాఠం పూర్తి చెయ్యకుండా వదిలితే ఎలా? గొంతు సవరించుకొని అడిగాను.

"మెల్లగా తోస్తే ఏమవుతుంది?"

"కదలదు టీచర్!"

"మరి గట్టిగా తోస్తే?"

పిల్లలంతా ఒక్క గొంతుతో అరిచారు.

"బడి ఎల్లిపోతాది టీచర్!"